పూతలపట్టు బాటలలో గేరు మార్చు వేళ

చిత్తూరు జిల్లాలోని పూతలపట్టు పెద్ద పట్టణమేమియు కాదు. మండల కేంద్రము, చుట్టును మామిడితోపులు, చెరకుమళ్లు, వాని వెనుక బోడిగుట్టలు. అయినను బాటసారులకు ఈ యూరిపేరు తెలియనిది కాదు. కర్నూలు నుండి కడప, రాయచోటి, పీలేరుల మీదుగా చిత్తూరునకు వచ్చు 40వ నంబరు జాతీయ రహదారి ఇటు పోవుచున్నది. తిరుపతికి పోవు 140వ నంబరు రహదారి ఇచ్చటనే చీలుచున్నది. సాహిత్యాభిమానము గల సోదరీమణులకు మరియొక విధముగ గూడ ఈ పేరు పరిచితమే. కంబరామాయణమును తెలుగు పద్యములలోనికి తెచ్చిన శ్రీరాములురెడ్డిగారి యింటిపేరు పూతలపట్టు.

మేము ఈ యూరిని గూర్చి వ్రాయ సంకల్పించుటకు కారణము వేరు. కారు తోలుట నేర్చుకొనదలచిన స్త్రీకి ఇంతకంటె మంచి బడి దొరకదని మాకు తోచినది. సమతలమైన రహదారి యున్నది, ఎద్దులును ట్రాక్టరులును అడ్డువచ్చు పల్లెబాట యున్నది, గంటసేపు పోయినచో మొగిలి కనుమ యున్నది. ఈ మూటియందును గేరు ఎప్పుడు మార్చవలెనను ప్రశ్నకు మూడు వేర్వేరు సమాధానములు వచ్చును. నేర్పుబడులలో చెప్పునది మొదటి సమాధానమొక్కటియే. లైసెన్సు చేతికి వచ్చిన పిమ్మట ముసలివారిని, పిల్లలను ఎక్కించుకొని కనుమ ఎక్కవలసివచ్చిన నాడు అది చాలదు.

మా యింట మేమిద్దరము తోడికోడండ్రము కారు తోలుదుము. పురుషులు ఉద్యోగరీత్యా బెంగుళూరులో నుందురు. అత్తగారిని చిత్తూరు ఆస్పత్రికి గొనిపోవుట, పిల్లలను పరీక్షలకు దింపుట, చుట్టపుచూపులు, సమస్తమును మా మీదనే. మాకు గేర్ల మర్మము నేర్పినది మా మామగారి తమ్ముడు. ఆయన నలువది యేండ్లు లారీ తోలినవాడు. ఈ జూను మాసమున మా యాడబిడ్డ కూతురు సీమంతమునకై పలమనేరు పోవలసివచ్చినప్పుడు అత్తగారు, ఆయన, ఒక పిల్ల, మేమిద్దరము, గాజుల మలారము, రెండు గంపల పండ్లు, పసుపు కుంకుమల తట్టలు, ఇన్నియు ఒక చిన్న పెట్రోలు కారులో సర్దుకొంటిమి. ఆ బరువును పాఠకురాండ్రు గుర్తుంచుకొనవలెను. దానితో ముందు పని కలదు.

గేరనగా నేమో ముందు చెప్పవలెను. కాలితో త్రొక్కు కుట్టుమిషను మన యిండ్లలో నెరుగని వారుండరు. క్రింద పెద్దచక్రము ఒకమారు తిరుగగనే పైని చిన్నచక్రము పలుమారులు గిరగిర తిరుగును. అందుచే సూది వేగముగ నాడును. కాని దళసరి దుప్పటి మడత పెట్టినచో మిషను మొరాయించును, చేతితో చక్రమును త్రిప్పవలసివచ్చును. అనగా వేగము పెరిగినకొలది బలము తగ్గినది. కారులో గేర్లపెట్టె చేయుపని దీనిని కావలసినట్లు తారుమారు చేయుటయే. చిన్న కారులలో మొదటి గేరు వేసినప్పుడు ఇంజను సుమారు 14 మారులు తిరిగినగాని చక్రము ఒక్కమారు తిరుగదు. బలము మిక్కుటము, వేగము స్వల్పము. ఐదవ గేరులో ఇంజను మూడుమారులు తిరుగగనే చక్రము ఒకమారు తిరుగును. వేగము వచ్చినది గాని బలము పోయినది. మధ్యనున్న గేర్లు ఈ రెంటికిని మెట్లు.

కాణిపాకమున వరసిద్ధి వినాయకస్వామి సన్నిధికి క్రొత్తబండ్లను పూజకు తెచ్చుట మా ప్రాంతపు వాడుక. నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయలుంచి, టెంకాయ కొట్టి, బండిని నిమ్మకాయల మీదుగ ముందునకు కదల్తురు. మేమును స్వామిని దర్శించుకొని పోదమని ఆగినప్పుడు ఒక క్రొత్తకారునకు అట్టి పూజ జరుగుచుండెను. ఆ బండి కదలిన తీరు చూచినచో మొదటి గేరు దేనికొరకో తెలియును. నిలిచియున్న టన్ను బరువును కదల్చుటకే అది. కదలిన పిమ్మట దానితో పనిలేదు. గంటకు 15 కిలోమీటర్ల వేగము రాకమునుపే రెండవది వేయవచ్చును. సమతలమున 30 దగ్గర మూడవది, 45 దగ్గర నాలుగవది, 60 దాటినచో ఐదవది. ఇది చిన్న పెట్రోలు కార్లకు ఉజ్జాయింపుగ చెల్లును. లెక్కవేసి చూచిన, ఈ ప్రతి మెట్టునందును ఇంజను నిమిషమునకు 2000 నుండి 2300 చుట్ల వరకు తిరుగుచుండును. కావున గుర్తుంచుకొనవలసినది బండి వేగము కాదు, ఇంజను వేగము.

దానిని చూపుటకు కారులో నొక ముల్లు కలదు. ఊరకున్నప్పుడు అది 800 దగ్గర నుండును. క్రొత్త కార్లు పెక్కింటిలో గేరు పెంచుమని, తగ్గింపుమని బాణపు గుర్తు గూడ వెలుగును. ఆ బాణము పెట్రోలు పొదుపును కోరును గాని ఎదుట నున్న ఎక్కుడు దానికి కానరాదు. నేర్చుకొను దినములలో మేమిద్దరమును ఒక యుపాయము చేసితిమి. ఒకరు తోలుచుండగ రెండవవారు ప్రక్కన కూర్చుండి ముల్లును బిగ్గరగ చదువుచుండెడివారము. "ముల్లు యెందుకమ్మా, ఇంజను అరస్తా ఉండేది ఇనపడలేదా?" యని చిన్నమామ వెనుకనుండి కసరెడివాడు. మూడు వారములకు మాకును వినబడజొచ్చినది. చాల ముందుగ గేరు పెంచినచో ఇంజను గొంతు దిగి గొణుగును, కాలిక్రింద బండి వణకును, యాక్సిలేటరు నొక్కినను ఊపు రాదు. అట్లే బలవంతముగ నడిపినచో లోపల టకటకమని కొట్టుకొనును. అది ఇంజనునకు చేటు. చాల ఆలస్యముగ పెంచినచో కీచుగ అరచును, పెట్రోలు వ్యర్థమగును. ఈ రెండు గొంతుకల నడుమ గల నిండైన ధ్వని యే మనకు కావలసినది.

డీజిలు బండ్ల స్వభావము వేరు. వానికి బలము తక్కువ చుట్లలోనే, 1750 మొదలు 2500 లోపున, నిండుగ వచ్చును. అందుచే వానిని ముందుగనే పెంచవచ్చును. టర్బో గల క్రొత్త పెట్రోలు ఇంజన్లు గూడ కొంతవరకు అట్టివే. టర్బో లేని సామాన్య పెట్రోలు ఇంజనునకు పూర్తిబలము 3500 చుట్లు దాటినగాని రాదు. పందెగాండ్రు 6000 వరకు అరపించి గేరు మార్చుటకు హేతువిదియే. మనకు పందెములు లేవు. కాని ఎప్పుడైన తప్పుకొని పోవలసిన క్షణమున ఆ బలము పైన నెక్కడో దాగియున్నదను ఎరుక యుండవలెను.

ఆ క్షణము మాకు తవణంపల్లె బాటలో వచ్చినది. జూనులో ఆ బాట యంతయు మామిడికాయల ట్రాక్టరులే. తోటలలో కోసిన తోతాపురి కాయను గుజ్జు ఫ్యాక్టరీలకు తోలుచుందురు. మా ముందొక ట్రాక్టరు గంటకు 25 కిలోమీటర్ల వేగమున పోవుచుండెను. మేము నాలుగవ గేరు నుండి మూడవదానికి దిగి దాని వెనుక నడచుచుంటిమి. చాలసేపటికి బాట తిన్ననై, ఎదుట ఏమియు రాకుండుట కనబడెను. అప్పుడు మూడవ గేరులోనే యాక్సిలేటరు త్రొక్కుట సహజము. మా తోడికోడలు అట్లు చేయక ముందు రెండవ గేరునకు దించి, ఇంజను గొంతు పైకి లేచిన పిమ్మట ప్రక్కకు తీసి, మూడు సెకన్లలో దాటి, బాట చేరి, అప్పుడు మూడవది వేసెను. ప్రక్కకు తీసిన తరువాత గేరు వెదకుకొనుట ప్రమాదము. క్లచ్చి త్రొక్కిన ఆ క్షణమున బండికి ఊపే యుండదు, ఎదుటి బండి వచ్చుచునే యుండును. గేరు తగ్గించుట ముందు, దాటుట తరువాత.

అరగొండ దగ్గర కొండమీది అర్ధగిరి ఆంజనేయస్వామికి దూరమునుండియే నమస్కరించితిమి. ఆంజనేయుడు సంజీవిపర్వతమును గొనిపోవుచుండగ సగము విరిగి ఇచ్చట పడెనని స్థలపురాణము. పౌర్ణమినాడు ఆ కొండబాటకు ఎడతెగని రద్దీ. సీమంతపు ముహూర్తము మించునని ఆనాడు ఎక్కలేదు.

బంగారుపాళ్యము దాటినంతట చిత్తూరు నుండి బెంగుళూరునకు పోవు పెద్దరహదారి. మొగిలిలో మొగిలీశ్వరుని గుడి. అచ్చటినుండి కనుమ. చిత్తూరు సముద్రమట్టమునకు సుమారు 300 మీటర్ల ఎత్తున నుండగ పలమనేరు 680 మీటర్లకు పైబడి యున్నది. అందుకే ఆ యూరిగాలి వేసవిలోనైనను చల్లన. బాట విశాలమైనది, వంపులు గూడ తిరుమల కనుమలోవలె చుట్టుచుట్టుగ నుండవు. అయినను ఎక్కుడు దీర్ఘమైనది. తెలియకయే వేగము తగ్గిపోవుచుండును. క్రొత్తవారు, బాట బాగున్నదిగదా యని నాలుగు, ఐదు గేర్లలోనే త్రొక్కుచుందురు.

ఇచ్చట ఒక చిన్నలెక్క కలదు, సోదరీమణులు విసుగుకొనరాదు. మూడవ గేరులో ముల్లు 2500 చూపుచుండగ నాలుగవది వేసినచో అది సుమారు 1900కు పడిపోవును. సమతలమున ఆ 1900 చాలును. ఎక్కుడులో చాలదు. పైగా గేరు మార్చుటకు క్లచ్చి త్రొక్కిన ఆ ఒకటి రెండు క్షణములలో ఎక్కుడు బండిని వెనుకకు లాగుచు వేగము తినివేయును. నాలుగవది పడునప్పటికి ముల్లు 1700కే దిగవచ్చును. అప్పుడింజను గొణుగును, మరల మూడవది వేయవలెను. ఇట్లు వేయుచు తీయుచు పోవువారిని కనుమలో నెందరినో చూతుము. వెనుకవచ్చు లారీవారికి అది ప్రాణసంకటము. ఐదుగురు మనుష్యులు, రెండు గంపల పండ్లు గల మా చిన్నకారు మూడవ గేరులో 50 కిలోమీటర్ల వేగమున, ముల్లు 2500 దగ్గర నిలువగ, అలుపులేక ఎక్కినది. ఇంజను కొంచెము అరచుచునే యుండెను. అత్తగారు "దానికి ఆయాసంగా ఉండాదేమోమే, కాసేపు నిలపండి" యని పలుమారులు జాలిపడిరి. అది ఆయాసము కాదు, పనిచేయుచున్న ధ్వని. ఆయాసము గొణుగుటలో నుండును.

గేరు తగ్గించవలసినచో ఎక్కుడు మొదలిడకముందే, వేగమింకను మిగిలియుండగనే తగ్గించవలెను. బండి నీరసించినపిదప తగ్గించినచో ఒక మెట్టు చాలదు, రెండు దిగవలసివచ్చును. ఒక బండిబారు వెనుక నిలిచిపోయినప్పుడు చేతిబ్రేకు పైకి లాగి యుంచి, మొదటి గేరు వేసి, క్లచ్చిని మెల్లగ వదలుచు ముందుభాగము కొంచెము లేచినట్లు తోచినంతనే చేతిబ్రేకు దించవలెను. వెనుకకు జారునను భయము స్త్రీలలోనే కాదు, మీసములు గల పురుషులలో గూడ చూచితిమి. చేతిబ్రేకు నమ్మినవారికి ఆ భయము లేదు.

పలమనేరులో సీమంతము చక్కగ జరిగినది. ముత్తైదువులందరును మేము మేమే తోలుకొని వచ్చితిమని విని మొదట నవ్వి, పిదప తమ కూతుండ్రకు నేర్పుమని యడిగిరి. భోజనములు కాగానే, పొద్దుండగనే బయలుదేరితిమి. పొద్దుగుంకిన తరువాత ఆ బాట మాకిష్టము లేదు. కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు అటునిటు దాటుచుండును. 2023 జూనులో పలమనేరు దాపున ఇదే రహదారి మీద లారీ తగిలి మూడు ఏనుగులు చచ్చినవి. ఆ చోటు దాటునప్పుడు మా పిల్ల కిటికీకి ముఖమానించి మౌనముగ చూచుచుండెను.

దిగుట ఎక్కుటకంటె కష్టము. ఈ మాట వినినవారు నవ్వుదురు, బండి తనంత తానే పోవునుగదా యందురు. తనంత తానే పోవుటయే కష్టము. తిరుమల కొండ నుండి తిరుపతికి సుమారు 700 మీటర్ల దిగుడు. మనుష్యులతో గూడిన చిన్నకారు 1300 కిలోల బరువుండును. ఆ బరువు ఆ యెత్తునుండి దిగునప్పుడు విడుదలయగు శక్తి యంతయు వేడియైనచో 30 లీటర్ల చన్నీళ్లను మరుగ బెట్టవచ్చును. పెండ్లివారింటి కాగు తలచుకొనుడు. గాలికి, బాట రాపిడికి పోయినది పోగ, మిగిలిన వేడిని ఎవరో మ్రింగవలెను. బ్రేకులే మ్రింగినచో అరచేతి పెద్దతనము గల పలకలు కమిలి పట్టు తప్పును, బ్రేకు ద్రవము మరిగినచో పెడలు మెత్తనై నేలకంటును. పలమనేరు నుండి చిత్తూరు దిగునప్పుడు ఈ వేడి సగముండును. సగమైనను తక్కువది కాదు.

అందుకే ఇంజనును బ్రేకుగ వాడవలెను. తక్కువ గేరులో నుంచి యాక్సిలేటరు నుండి కాలు తీసినచో చక్రములే ఇంజనును త్రిప్పవలసివచ్చును. ఆ శ్రమచే బండి తగ్గును. "ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగల్ల" యని చిన్నమామ మాకు చెప్పిన మొదటి పాఠము. మూడవదానిలో ఎక్కితిమి గనుక మూడవదానిలోనే దిగితిమి. నిటారుగ నున్నచోట రెండవది వేసితిమి. అదియు దిగుడు రాకమునుపే. దిగుడున వేగము పుంజుకొన్న తరువాత తక్కువ గేరు వేయబోయినచో పడక, ఒక్కొక్కప్పుడు న్యూట్రల్‌లోనే చిక్కుకొనును. బ్రేకును అదేపనిగ ఆనించి యుంచక, అవసరమైనచోట గట్టిగ నొక్కి వేగము తగ్గించి, విడిచి, చల్లారనిచ్చుచు పోవలెను.

మొగిలి దగ్గరకు వచ్చుచుండగ బాటప్రక్కన ఒక వ్యాను నిలిచియుండెను. ముందు చక్రముల నుండి పొగ, కాలిన వాసన. లోపలినుండి ఎనిమిదిమంది దిగి నిలుచుండిరి, వారిలో చంకబిడ్డతల్లి యొకతె. తోలువాడు పెట్రోలు మిగులునని కనుమ మొదలుకొని న్యూట్రల్‌లో దిగివచ్చెనట. బ్రేకు చివరిభాగమున పట్టుటలేదని తోచి ఎట్లో ఆపెను. ఒకడు చెంబుతో నీళ్లు చల్లబోవుచుండగ చిన్నమామ కేకవేసి దిగెను. "పొయ్యబాకబ్బా! ఇనుము పగులుతాది. అట్నే వదిలెయ్యి, గంట పోనీ, అదే చల్లారతాది." ఆ తల్లికి మేము సీమంతపు పండ్లును, త్రాగునీరును ఇచ్చితిమి. ఆమె చేతులు వణకుచుండెను.

న్యూట్రల్‌లో పెట్రోలు మిగులునను నమ్మకము పాత అంబాసిడరు, పద్మినీ కార్ల కాలపుది. అప్పటి కార్బురేటరు ఇంజన్లకు అందులో కొంత నిజముండెను. ఇప్పటి ఇంజెక్షను ఇంజన్లలో అది తారుమారైనది. గేరులో నుండి యాక్సిలేటరు విడిచి దిగునప్పుడు పెట్రోలు సరఫరాయే తెగిపోవును, చక్రములే ఇంజనును త్రిప్పుచుండును. న్యూట్రల్‌లో నైతే ఇంజను ఆగకుండుటకు పెట్రోలు కాలుచునే యుండవలెను. మిగులునది లేదు సరిగదా పోవునది కలదు. ఇంజను ఆర్పివేసి దిగువారు మరియొక మెట్టు ముందునకు పోయినవారు. ఇంజను ఆగినచో బ్రేకునకు సాయపడు గాలిబలము రెండు మూడు త్రొక్కుళ్లకే అయిపోవును, స్టీరింగు రాతివలె బరువెక్కును, తాళపుచెవి తీసినచో బిగిసియే పోవచ్చును.

తిరుమల కనుమలో దేవస్థానమువారు ఎక్కుటకు 28 నిమిషములకంటెను, దిగుటకు 40 నిమిషములకంటెను తక్కువ కాలము పట్టరాదని నియమము పెట్టిరి. ఎక్కుటకంటె దిగుటకు ఎక్కువ కాలమేమని యాత్రికులు విసుగుకొనుట మేము వినుచుందుము. పైని చెప్పిన నీళ్లకాగు తలచుకొన్నవారు విసుగుకొనరు. 2022 నుండి ఆ కనుమపై తిరుగుచున్న విద్యుత్తు బస్సులకు మనకువలె గేర్ల బాధ లేదు. దిగునప్పుటి శక్తిని వేడిగ పోనీయక కొంత బ్యాటరీలోనికే త్రిప్పుకొనును. మన పాతకార్లకు ఆ భాగ్యము లేదు.

ఈ భయమంతయు ఊహ కాదు. 2022 మార్చిలో భాకరాపేట కనుమలో నిశ్చితార్థమునకు పోవుచున్న ధర్మవరము వారి బస్సు లోయలో పడి తొమ్మండుగురు మరణించిరి. 2024 సెప్టెంబరులో ఈ మొగిలి కనుమలోనే ఆర్టీసీ బస్సును లారీ గ్రుద్దుకొని పలువురు ప్రాణములు గోల్పోయిరి. ఆ ప్రమాదములకు గేరే కారణమని మేమనము. అట్టి బాటపై దినదినము మన బిడ్డలతో తిరుగుచున్నామని మాత్రము చెప్పుచున్నాము.

బంగారుపాళ్యమునకు వచ్చునప్పటికి సాయంత్రమైనది. మామిడి మార్కెటు వెలుపల ట్రాక్టరులు ఒకదాని వెనుక నొకటి బారులుదీరి యుండెను. రైతులు బండ్లక్రింద పరుండి తమవంతు కొరకు కాచుకొని యుండిరి. అత్తగారు ఊరగాయకని ఒక గంప కాయలు బేరమాడి కొనిరి. ఆ గంప ఎక్కగనే మా కారు వెనుకభాగము కొంచెము దిగబడెను. మొదటి గేరును అలవాటుకంటె రెండు బారల దూరము ఎక్కువగ ఉంచి రెండవది వేసితిమి.